మేకుకు వేలాడిన టోపీ

మా మామ పోయిన కబురు నాకు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. తెల్లవారుజామున వాట్సాప్ స్టేటస్‌లో చూసుకున్నాను. పైన పచ్చని అక్షరాలతో "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్" అని, కింద మామ ముఖం, తలమీద తెల్లని జాలీ టోపీ. ఆ బొమ్మ చూసి కళ్లలో నీళ్లు తిరగడానికి ముందే నా కంటికి మరొకటి తగిలింది. అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మామ ముఖం మీద వెలుగు ఎడమ పక్క నుంచి పడుతోంది, టోపీ మీద కుడి పక్క నుంచి పడుతోంది. ఆ టోపీ మామది కాదు. ఎవరో ఫోనులోని ఏదో యాప్‌తో దాన్ని ఆయన తలకు అతికించారు. వెలుగు ఏ పక్క నుంచి వస్తున్నదో చూడకుండా బొమ్మను ముట్టుకోవద్దని ఏళ్ల తరబడి నా చెవి మెలిపెట్టి నేర్పిన మనిషి, తన చావు కబురులోనే ఆ తప్పుకు గురయ్యాడు.

మామ కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర ఒక సందులో ఫొటో స్టూడియో నడిపేవాడు. నేను ఇంటర్మీడియట్ తప్పిన ఏడాది మా నాయన నన్ను తీసుకుపోయి ఆయన దగ్గర వదిలిపెట్టాడు. తరువాత నేను అనంతపురం చేరి ఫ్లెక్సీలు అచ్చువేసే పనిలో స్థిరపడ్డాను. మామ ఆ స్టూడియోను వదలలేక, నడపలేక, చివరికి తాళం వేసి ఇంట్లో కూర్చున్నాడు. నలభయ్యవ దినం ఫాతెహాకు, అంటే పోయినవాళ్ల పేర చదివించే ప్రార్థనకు, కడపకు పోయినప్పుడు అత్తను అడిగి తాళంచెవి తీసుకుని, చెల్లెలి కూతురును వెంటబెట్టుకుని ఆ షట్టరు ఎత్తాను. తుప్పు రాలింది, దుమ్ము లేచింది, ఆ వెనుకనే లోపలి చీకటిగది నుంచి ఎసిటిక్ ఆసిడ్ పులుపుతో కలిసిన, ఫొటోలు కడిగే హైపో మందు వాసన వచ్చింది. ట్రేలు ఎండిపోయి ఎన్నేళ్లయిందో తెలియదు, వాసన మాత్రం గోడలను పట్టుకుని అక్కడే ఉంది. నేను గడపలోనే నిలబడిపోయాను.

ఎదురుగా గోడకు మేకు కూడా అక్కడే ఉంది.

*

ఆ మేకుకు మూడు వస్తువులు వేలాడుతుండేవి: ఒక నల్లకోటు, ముందుగానే ముడివేసి ఉంచిన ఎర్ర టై, ఒక నల్ల మఖమల్ టోపీ. ఫొటో దిగడానికి వచ్చిన మగవాడు ముందుగా ఆ మేకు వంక చూసేవాడు. పెళ్లిచూపులకు పంపే ఫొటో అయితే కోటు, టై. రంజాన్ పండుగనాటి ఫొటో అయితే టోపీ. కువైట్ పోవడానికి పాస్‌పోర్టు ఫొటో అయితే మేకుతో పని లేదు, వట్టి తల, రెండు చెవులూ కనిపించాలి. ఒకే మనిషి ఒకే పూట మూడు విధాలుగానూ దిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. మామ ఎవరికీ సలహా చెప్పేవాడు కాదు. "నీకు ఎట్ల బాగుంటాదో అట్ల నిలబడు నాయనా, గడ్డం మాత్రం రవ్వంత కిందికి దించు" అనేవాడు. అంతే.

పాస్‌పోర్టు ఫొటోకు వచ్చే ఆడవాళ్లతో పని కష్టంగా ఉండేది. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనులకు పోయే స్త్రీలు అప్పటికే చాలామంది. ముసుగు చెవుల వెనక్కి జరపమని చెప్పాలి. మామ ఆ మాట తాను చెప్పకుండా లోపలి నుంచి అత్తను పిలిచేవాడు. అత్త వచ్చి, కొంగును చెవుల వెనక దోపి, పిన్ను పెట్టి, అద్దం చూపించి వెళ్లేది. ఆ నిమిషం సేపు మామ కెమెరా నల్లగుడ్డ కింద తల దూర్చి బయటికి వచ్చేవాడు కాడు. ఆయన ఏమీ సర్దుకోవడం లేదని, ఊరికే ఆ చీకట్లో నిలుచున్నాడని నాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు.

పండుగ నాడు ఈద్గాలో నమాజు ముగియగానే జట్కాలు వరుసగా వచ్చి సందు మొగలో ఆగేవి. చెవి మడతలో అత్తరు దూది పెట్టుకున్న పెద్దలు, కొత్త బట్టల గంజి వాసనతో పిల్లలు, ఇంటి నుంచి గిన్నెలో షీర్ ఖుర్మా తెచ్చి మామకు ఇచ్చే ముసలమ్మలు. వెనక తెరమీద తాజ్ మహల్ ఉండేది, దాన్ని ఎవరు గీశారో గాని నాలుగు మీనార్లలో ఒకటి పొట్టిదైపోయింది. పొరుగు వీధి కోమటి పిల్లవాడు ఒకడు ప్రతి రంజాన్‌కూ తన స్నేహితులతో పాటు వచ్చి, ఆ మేకు మీది టోపీ పెట్టుకుని మధ్యలో నిలబడేవాడు. వాళ్ల నాయన ఆ ఫొటోను తన అంగడి గల్లాపెట్టె మీద పటం కట్టి పెట్టుకున్నాడు. అందులో చెప్పుకోదగిన విశేషం ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఇప్పుడు అట్లాంటి ఫొటో ఎవరైనా పెడితే కింద వచ్చే వ్యాఖ్యలు చదవడానికి ఒక పూట చాలదు.

ప్రతి ఫొటోకూ మూడు ప్రతులు తీసేవాళ్లం. ఒకటి గోడకు, ఒకటి ట్రంకుపెట్టెకు, ఒకటి కువైట్‌కో వియ్యంకుల ఇంటికో. ఆ ఫొటోను తన ఆయుష్షులో ఎవరెవరు చూస్తారో దిగిన మనిషికి ముందే తెలుసు. టోపీ పెట్టుకున్నా, తీసేసినా ఆ చూసేవాళ్లకు అతడెవరో, అతని తాత ఎవరో, శుక్రవారం మసీదుకు పోతాడో పోడో అన్నీ తెలుసు. ఫొటో వాళ్లకు కొత్తగా చెప్పేది ఏమీ లేదు, కొంచెం లావయ్యాడనో చిక్కాడనో తప్ప.

*

మేము దూదేకులవాళ్లం, నూర్‌బాషీలమని కూడా అంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా జేజబ్బ, అంటే తాత, పరుపులు, దిండ్లకు దూది ఏకేవాడు. ఆ వింటినారి మోత నా చిన్నతనంలో మా వీధికి గడియారం లాంటిది, ఎండ ఎక్కకముందు మొదలై మధ్యాహ్నం ఆగేది, మళ్లీ చల్లపొద్దున మొదలయ్యేది. ఉర్దూ మాట్లాడే ముస్లింలకు మేము అరకొర ముస్లింలం, ఊళ్లోవాళ్లకు మాత్రం సాయిబులం. సర్కారు కాగితాల్లో బీసీ-బీ. మిగతా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007లో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చినప్పుడు మా వీధిలో జరిగిన వాదోపవాదాల్లో తేలింది ఒక్కటే, మేమెవరమో మాకంటే తాసిల్దారు కచేరీకే బాగా తెలుసని.

మా పేర్లు కూడా అట్లాగే ఉండేవి. మస్తానప్ప, హుసేనప్ప, కుళ్లాయప్ప, ఫకీరప్ప. ఆడవాళ్లలో పీరమ్మ, హుసేనమ్మ, మస్తానమ్మ. కుళ్లాయప్ప అంటే అనంతపురం వైపు గూగూడు కుళ్లాయిస్వామి పేరు. మొహర్రంలో అక్కడికి పోయే జనంలో సాయిబులు ఎందరో, కానివాళ్లు ఎందరో లెక్క తీయడం ఎవరి తరమూ కాదు. మొక్కు తీరి బిడ్డ పుడితే ఏ కులం వాళ్లైనా ఆ పేరే పెట్టుకుంటారు. కనుక పేరు విని మతం చెప్పడం మా సీమలో అంత సులభమైన పని కాదు.

మా జేజి, అంటే అవ్వ, ఏడాది పొడవునా తీరిక లేని భక్తురాలు. పెద్ద దర్గా ఉరుసుకు గంధం చూడాలి. కమలాపురం దర్గాకు కందూరు, అంటే మొక్కు విందు, చెయ్యాలి. పీర్ల పండుగ పది దినాలూ చావిడి దగ్గర ఊదు పొగలోనే ఉండాలి, చక్కెర చదివించుకుని రావాలి. ఉగాది తెల్లవారుజామున మాత్రం టెంకాయ, బెల్లం, వేపపూత పట్టుకుని దేవుని కడపకు నడిచిపోయేది. బీబీ నాంచారమ్మ మన ఇంటి ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి అల్లుడు, పండుగపూట అల్లుడి ఇంటికి వట్టి చేతులతో పోకూడదు, ఇదీ ఆమె లెక్క. ఇప్పటికీ ఉగాదినాడు ముస్లింలు ఆ గుడికి వస్తారు. అయితే ఇప్పుడు వాళ్లు దండం పెట్టే లోపల నాలుగు కెమెరాలు ముఖం మీదికి వస్తాయి. సాయంత్రానికి ఆ దృశ్యాలు సామరస్యం అనే శీర్షికతో ఊరూరా తిరుగుతాయి. జేజి ఉండి ఉంటే, అల్లుడి ఇంటికి పోతే ఇంతమంది ఎందుకు గుమిగూడినారని కొంగుతో ముఖం కప్పుకునేదని నా నమ్మకం.

*

స్టూడియోకు గిరాకీ తగ్గుతున్న రోజుల్లో మామ ముందుభాగాన్ని చెక్కలతో అరలుగా విడగొట్టి నాలుగు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ చేశాడు. దాన్ని చూసుకునేది నేను. గంటకు ఇరవై రూపాయలు, వచ్చిన ప్రతివాడి పేరూ రిజిస్టర్లో రాయించాలి. అది ఆర్కుట్ కాలం. 2004లో మొదలై 2014 సెప్టెంబర్ 30న మూతపడిన ఆ ఆర్కుట్‌ను ఇప్పటి పిల్లలకు వర్ణించి చెప్పడం, జట్కా ఎక్కడమెట్లాగో చెప్పడం లాంటిదే.

ఆర్కుట్‌లో ఖాతా తెరిస్తే అది అడిగే వివరాల్లో మతం అనే గడి ఒకటి ఉండేది. కిందికి లాగితే వరుసగా పేర్లు వచ్చేవి, ఒకటి ఎంచుకోవాలి, లేదా ఖాళీగా వదలాలి. మా పిల్లలు అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగేది. "అన్నా, ఈడ ఏం పెట్టేది?" అని నన్ను పిలిచేవాళ్లు. స్టూడియోలో మేకు వంక చూసినట్టే ఆ గడి వంక చూసేవాళ్లు, కానీ మామ చెప్పిన జవాబు ఇక్కడ పనికిరాలేదు, ఎందుకంటే ఎవరు చూస్తారో నాకూ తెలియదు. ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు ఒకడు ఉద్యోగాలిచ్చేవాళ్లు చూస్తారని గడి ఖాళీగా వదిలాడు. వాని తమ్ముడు అన్నమీద కోపంతో, మతం గడిలో ఇస్లాం ఎంచుకున్నదే గాక, తన పేరుకు ముందు ముహమ్మద్ అని, వెనక ఖాన్ అని తగిలించాడు. వాళ్లు ఖాన్‌లు ఏనాటికీ కారు. మస్తానప్ప అనే పేరుగల మరొక కుర్రవాడు మొదట మస్తాన్, తరువాత మస్తాన్ వలీ, ఆపైన ఎమ్.డి. మస్తాన్ అయ్యాడు. వాళ్ల నాయన వచ్చి, "అప్ప ఏం పాపం చేసిందిరా?" అని నన్ను అడిగితే నేనేం చెప్పను? ఆ కుర్రవాడు నాతో చెప్పిన కారణం వేరు. అప్ప అని ఉంటే హైదరాబాదు పిల్లలు నువ్వు ముస్లింవేనా అని నవ్వుతారట. అప్ప తీసేస్తే హాస్టల్లో గది దొరకదేమో అన్న భయం వానికి అప్పటికి ఇంకా తెలియదు.

ముఖచిత్రాల సంగతి మరీ విచిత్రంగా ఉండేది. మగపిల్లలు హీరోల బొమ్మలో, కాబా బొమ్మో పెట్టేవాళ్లు. ఆడపిల్లలు గులాబీ, బార్బీ బొమ్మ, పసిబిడ్డ, చెయ్యి మీద గోరింటాకు. గోరింటాకు చెయ్యిని చూసి ఆమె ఎవరో గుర్తుపట్టగల నేర్పు ఆమె బంధువర్గానికి మాత్రమే ఉండేది, అదే ఆమెకు కావలసింది కూడా. మెయిల్ చిరునామాల చివర సగానికి సగం 786 ఉండేది. బిస్మిల్లా వాక్యంలోని అరబ్బీ అక్షరాలకు అబ్జద్ లెక్కలో వచ్చే విలువల మొత్తం అది. ఆటోల వెనక, పెళ్లిపత్రికల నెత్తిన, చివరికి దాచుకున్న పదిరూపాయల నోటు నంబరులోనూ మాకు అదే శుభం. కొన్నాళ్లకు, అది ధర్మసమ్మతం కాదు, అంకెలు అల్లా పేరుకు సాటి రావు అనే సందేశాలు తిరగడం మొదలైంది. అచ్చుకు ఇచ్చిన పెళ్లిపత్రిక మీద 786 తీసేయమని చెప్పిన మొదటి గిరాకీ నాకింకా గుర్తున్నాడు. ఆ వెనుకనే రంజాన్ రమదాన్ అయింది, ఖుదా హాఫిజ్ అల్లా హాఫిజ్ అయింది. మా వీధి వాళ్లకు ఆ రెండూ సరిగ్గా పలకవు, టైపు చెయ్యడం మాత్రం వచ్చింది.

*

జేజి పోయిన తరువాత ఒక మొహర్రం నాడు ఫేస్‌బుక్‌లో ఆమె ఫొటో ఒకటి పెట్టాను. మామ తీసినది. పీర్ల పండుగలో పెద్ద సరిగెత్తు మరునాడు, పీర్ల చావిడి ముందు, తలమీద తెల్లచీర కొంగు, మెడలో నల్లపూసలు, నుదుట గుండం బూడిద, చేతిలో పానకం ముంత. వెనక పట్టుగుడ్డలు కట్టిన పీర్లు, పక్కన నిప్పుల గుండం చుట్టూ తిరిగి అలసిపోయి కూర్చున్న రెడ్ల పిల్లలు, మాదిగ డప్పుల వాళ్లు. ఆ ఫొటోలో వెలుగు ఎంత బాగా కుదిరిందో చూపించాలన్నదే నా ఉద్దేశం. నిజం చెప్పాలంటే కొంచెం గొప్ప కూడా ఉంది, మా మామ పనితనమని.

మధ్యాహ్నానికి రెండు వైపుల నుంచీ జనం వచ్చారు. ఒక వైపు నుంచి మావాళ్లే, ఇది షిర్క్ (అల్లాకు సాటి కల్పించడం), ఇది బిద్అత్ (మతంలో లేని కొత్త పోకడ), ఇస్లాంలో నుదుట బూడిద ఎక్కడిది, ముసలామె అజ్ఞానాన్ని ఊరికి చాటుతావా, తీసెయ్, ఆమెకోసం దువా చెయ్ అని రాశారు. అందులో ఒకడు దుబాయి నుంచి రాశాడు, జేజి చేతి పానకం తాగి పెరిగినవాడే. రెండో వైపు నుంచి వచ్చినవాళ్లు నాకు ముక్కూమొగమూ తెలియనివాళ్లు. చూడండి, నిజమైన భారతీయ ముస్లిం అంటే ఇట్లా ఉండాలి, తక్కినవాళ్లు ఈమెను చూసి నేర్చుకోవాలి అని మెచ్చుకున్నారు. పంచుకున్నారు కూడా. ఆ మెప్పును చదువుతుంటే తిట్టుకంటే ఎక్కువ మంట పుట్టింది. మా జేజి ఎవరికి పాఠం చెప్పడానికీ చావిడి దగ్గర నిలబడలేదు. ఆమె మోకాలి నొప్పికి మొక్కుకుంది.

ఫొటో తీసెయ్యాలని మనసొప్పలేదు, ఉంచాలనీ అనిపించలేదు. చివరికి "నేను మాత్రమే" అనే అమరిక ఒకటి ఉంది, దాంట్లో పెట్టాను. ఇప్పుడు ఆ ఫొటో ట్రంకుపెట్టెలో ఉన్నట్టే ఉంది, తాళం నా దగ్గర.

*

2020 మార్చి నెల గురించి తక్కువ మాటల్లో చెప్పి ముగిస్తాను. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ సమావేశానికి పోయి తిరిగివచ్చిన వాళ్లలో మా జిల్లావాళ్లూ ఉన్నారు, కొందరికి కరోనా సోకింది, అది నిజం. కానీ వారం తిరగక ముందే ఆ పేరుతో జిహాద్ అనే మాటను జతచేసి హ్యాష్‌ట్యాగులు దేశమంతా పాకాయి. పండ్లమీద ఉమ్మి అమ్ముతున్నారంటూ, ఎప్పటివో ఎక్కడివో వీడియోలు మా పదో తరగతి స్నేహితుల వాట్సాప్ గుంపులోకే వచ్చిపడ్డాయి. పంపినవాడు చెడ్డవాడు కాడు, తనకు వచ్చింది మాకు తోశాడు. ఆ గుంపులో మేము నలుగురం ముస్లింలం. ఒకడు కోపంతో బయటికి పోయాడు. ఒకడు ప్రతి వీడియోకూ కింద రుజువులు పెడుతూ నిద్ర మానుకున్నాడు. ఒకడు తన ముఖచిత్రాన్ని మార్చి జాతీయజెండా పెట్టాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. ఆ వార్తను మాత్రం నేను గుంపులో పెట్టాను. రెండు నీలిగీతలు వచ్చాయి, జవాబు రాలేదు.

జెండా పెట్టిన స్నేహితుడు ఇప్పటికీ ఆగస్టు 15న, జనవరి 26న రాత్రి పన్నెండు కొట్టగానే ముఖచిత్రం మారుస్తాడు, అందుకు అలారం పెట్టుకుంటాడు. దేశభక్తి లేకకాదు, వాళ్ల నాయన పట్టాళంలో పనిచేసి వచ్చాడు. అయితే ఉదయం లేచి నింపాదిగా పెట్టుకునే తీరిక తనకు లేదని వాని భావన. ఒకసారి జ్వరంతో పడుకుని మధ్యాహ్నం దాకా పెట్టకపోతే, పలానావాడు ఇంకా పెట్టలేదేమి అని ఎవరో సరదాగానే అడిగారట. వాడు ఆ సరదాను మరిచిపోలేదు.

*

చెల్లెలి కూతురు బెంగళూరులో చదువుకుంటున్నది. దానికి ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు ఖాతాలు ఉన్నాయని నాకు తెలుసు. ఒకదాంట్లో బంధువులందరం ఉన్నాం, తల మీద దుపట్టా, ఇఫ్తార్ పండ్ల పళ్లెం, నెలవంక. రెండోదాంట్లో స్నేహితులు మాత్రమే, అందులో ఏముందో నేను అడగలేదు. స్టూడియోలో ఒకే పూట కోటుతో ఒకటి, టోపీతో ఒకటి దిగినవాళ్లు నాకు తెలుసు గనుక ఆమెను రెండు నాలుకల మనిషి అనలేను.

2022 జనవరి ఒకటో తేదీన బుల్లీ బాయి అనే యాప్ బయటపడింది. వంద మందికి పైగా ముస్లిం స్త్రీల ఫొటోలను వాళ్ల ఖాతాల నుంచి ఎత్తుకొచ్చి, వేలానికి పెట్టినట్టు చూపించిన దుర్మార్గం అది. అంతకు ముందు ఏడాది జూలైలో అట్లాంటిదే మరొకటి వచ్చింది. ఆ వారం మా బంధువర్గంలో ఆడపిల్లల ముఖాలు ఒకటొకటిగా మాయమై, మళ్లీ గులాబీలు, గోరింటాకు చేతులు వచ్చాయి. నాకు మా నెట్ సెంటర్ గుర్తుకు వచ్చింది. మా పిల్ల కూడా అన్నీ తీసేసింది.

నెల తిరగకముందే కర్ణాటకలో కాలేజీ గేట్ల దగ్గర హిజాబ్ గొడవ రాజుకుంది. మార్చి 15న హైకోర్టు తీర్పు వచ్చింది, అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక మాట చెప్పారు. అప్పటిదాకా తలమీద దుపట్టాకు మించి ఎరగని మా పిల్ల, ఆ ఫిబ్రవరిలో నల్ల హిజాబ్ బిగించి, నేరుగా కెమెరాలోకి చూస్తూ ముఖచిత్రం పెట్టింది. వాళ్లమ్మ హడలిపోయి నాకు ఫోను చేసింది. నేను అడిగితే, "మామా, వేసుకోవాలని నాకేం ల్యా. వేసుకోవద్దు అన్యారు గదా, అందుకు వేసుకున్యా" అన్నది. వారం తరువాత ఆ ఫొటో పోయింది, గులాబీ కూడా రాలేదు, తన ముఖమే వచ్చింది. ఆ మధ్య నుంచి రంజాన్‌లో రోజుకొకటి చొప్పున చిన్న వీడియోలు చేస్తున్నది, తెలుగులోనే. సహరీకి ఏం తింటారు, దప్పిక ఎట్లా ఓర్చుకుంటారు, జకాత్‌గా మిగులులో రెండున్నర శాతం ఎట్లా లెక్కవేస్తారు. బిర్యానీ వండి చూపించేటప్పుడు మాంసం ఏదో మాత్రం చెప్పదు. ఎందుకని నేను అడగలేదు. మీకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చు అని కింద ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. తెలుగు కాక ఇంకేం వచ్చునని ఆమెకు నవ్వు. నాకు నవ్వు రాదు.

ఒక్క మాట ఇక్కడ చెప్పుకోవాలి. రంజాన్ వస్తే నా దుకాణంలో ఫ్లెక్సీల పని ఊపిరాడనివ్వదు. అన్ని పార్టీల నాయకులూ టోపీ పెట్టుకున్న ఫొటోలు పంపి శుభాకాంక్షలు అచ్చువేయిస్తారు. టోపీ ఫొటో లేని నాయకులకు నేనే కంప్యూటర్లో టోపీ అతికిస్తాను. వెలుగు ఏ పక్క నుంచి పడుతున్నదో చూసి మరీ అతికిస్తాను. కనుక స్టేటస్‌లో మామ తలకు టోపీ అతికించిన ఆయన కొడుకును తప్పుపట్టే అర్హత నాకు పూర్తిగా లేదు.

*

ఆ మాట వానితోనే అడిగాను, నలభయ్యవ దినం అన్నాలు ముగిసిన తరువాత. "నాయనవి టోపీతో ఫొటో ఒక్కటీ దొరకలేదు బావా. జమాత్ పెద్దలు, కువైట్ వాళ్లు, అందరూ చూసే స్టేటస్ అది. వట్టి తలతో ఎట్ల పెడ్తారు?" అన్నాడు. శుక్రవారం తప్పకుండా మసీదుకు పోయిన మనిషికి టోపీతో ఫొటో లేకపోవడానికి కారణం ఒకటే, ఆయన ఎప్పుడూ కెమెరాకు ఇవతల ఉన్నాడు.

స్టూడియోలో మేకుకు ఆ రోజు కోటు, టై లేవు. టోపీ ఉంది. మఖమల్ చిమ్మటలు కొట్టి అట్ట బయటపడింది, లోపలి అస్తరు మీద ఎందరి తలనూనెలో కలిసి నల్లని వలయం కట్టింది. మా పిల్ల దాన్ని తీయబోయి, దుమ్ముకు తుమ్మి, మళ్లీ అక్కడే తగిలించింది. బల్ల సొరుగులో నెగటివ్ కవర్లు వెతుకుతుంటే ఒక దాంట్లో ప్రింటు దొరికింది. అది నేను తీసిందే. పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఆయన నల్లగుడ్డ కింద నుంచి తల బయటికి తీస్తున్న క్షణాన తీశాను. జుట్టు చెదిరి ఉంది, గుడ్డ ఇంకా భుజం మీదే ఉంది, చొక్కా రెండో గుండీ లేదు, నోరు తెరిచి నన్నేదో అంటున్నాడు. గడ్డం దించమని అయి ఉంటుంది. వెలుగు ఎడమ పక్క నుంచి. స్టేటస్‌లోని ముఖం దీన్నుంచి కత్తిరించిందే. దీన్ని వాళ్ల ఇంటి ఆల్బంలో మరొక ప్రతిగా వేసి ఇచ్చినట్టు గుర్తు.

మా పిల్ల ఫోనుతో దాన్ని ఫొటో తీసుకుంది. "పెట్టేదా మామా?" అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. చాలాసేపు ఏవో మాటలు కొట్టింది, కొట్టినవన్నీ చెరిపింది, చివరికి మాట ఒక్కటీ లేకుండా పెట్టింది. ఏ ఖాతాలో పెట్టిందో నేను చూడలేదు.

సాయంత్రం అత్త ఆ ఫోను చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, వేళ్లతో బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూసింది. టోపీ సంగతి ఎత్తలేదు.

"ఆ గుండీ కుట్టిచ్చుకోమని ఆ పొద్దే చెప్తి," అన్నది. "వినడు గదా."